వైజాగ్‌కి ఫ్యామిలీతో షిఫ్ట్ అవుదామనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ఈమధ్య అమెరికా నుంచి కూడా "వైజాగ్ వచ్చేద్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుందండీ" అని అడిగేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్నలు మాత్రం అవే. ప్రతిసారీ వాట్సాప్‌లో అదే సోది టైప్ చేయలేక అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. మొత్తం చదవక్కర్లేదు, మీక్కావాల్సిన ప్రశ్న చూసుకుని వెళ్ళిపోండి. మేం పిల్లల్తో ఇక్కడే ఉంటున్నాం, ఇక్కడ ప్లాట్లు అమ్ముకునే పని లేదు, కాబట్టి నచ్చనివి కూడా రాశా.

## రావాలా వద్దా అని ఊగిసలాడేటప్పుడు

వైజాగ్ నిజంగా ఫ్యామిలీలకి మంచి ఊరేనా, లేక బీచ్ చూసి అందరూ అలా అంటారా?

మంచి ఊరే, కాకపోతే ఒక షరతు ఉంది. ఇల్లు, స్కూలు, ఆఫీసు మూడూ ఊరికి ఒకే వైపు పడాలి. ఒకవైపు సముద్రం, మధ్యమధ్యలో కొండలు అడ్డం ఉండటంతో ఈ ఊరు గుండ్రంగా పెరగలేదు, ఎన్‌హెచ్-16 వెంట పొడుగ్గా సాగింది. ఇటు మధురవాడ నుంచి అటు కూర్మన్నపాలెం దాకా ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. మూడూ ఒకే వైపు ఉంటే సాయంత్రం ఆరింటికల్లా ఇంటికొచ్చి పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్ళొచ్చు, ఆ సుఖం పెద్ద సిటీల్లో దొరకదు. అలా కాక ఇల్లు మధురవాడలో, ఉద్యోగం గాజువాక అవతల అయితే మాత్రం హైదరాబాద్‌లో పడ్డ పాట్లే ఇక్కడా పడతారు, కాకపోతే కిటికీలోంచి అప్పుడప్పుడు కొండ కనిపిస్తుంది అంతే.

గూగుల్ వస్తోందంటున్నారు కదా, ఇప్పుడే జాబ్ మానేసి వచ్చేయొచ్చా?

చేతిలో ఆఫర్ లెటర్ లేకుండా రావద్దు. గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది ఏఐ డేటా సెంటర్, ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు, నిజమే, కానీ డేటా సెంటర్ అంటే వేలమంది కూర్చుని కోడింగ్ చేసే ఆఫీసు కాదు, ఎక్కువగా మెషీన్లూ కరెంటూ నీళ్ళూ. మామూలు ఐటీ ఉద్యోగాలు కావాలంటే మిగతా కంపెనీలని చూడాలి. ఇన్ఫోసిస్ 2023లో మధురవాడలో ఆఫీసు తెరిచింది, టీసీఎస్‌కి రుషికొండలో 21.16 ఎకరాలు నామమాత్రంగా 99 పైసలకి ఇచ్చారు, కాపులుప్పాడ వైపు కాగ్నిజెంట్‌కి ఇచ్చారు. ఇవన్నీ నిండటానికి టైం పడుతుంది.

అసలు ఈ ఊరికి అన్నం పెట్టింది ఐటీ కాదు. పోర్టు 1933 నుంచి ఉంది, తర్వాత షిప్‌యార్డు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, నేవీ, స్టీల్ ప్లాంటు, ఇప్పుడు పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్. ఈ లైన్లలో ఉన్నవాళ్ళకి ఉద్యోగం మారడం కూడా ఊళ్ళోనే అయిపోతుంది. ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ ముందు ఆలోచించరు: భార్యాభర్తల్లో ఒకళ్ళకి ట్రాన్స్‌ఫర్ దొరుకుతుంది, రెండో వాళ్ళ ఉద్యోగం ఏమవుతుంది? మాకు తెలిసిన ఫ్యామిలీల్లో తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు చాలావరకు ఈ రెండో జీతం కుదరకే వెళ్ళిపోయారు. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంటే ఆ సంగతి మేనేజర్ దగ్గర మెయిల్‌లో రాయించుకుని మరీ రండి.

హైదరాబాద్‌తో పోలిస్తే ఖర్చు బాగా తగ్గుతుందా?

అద్దె తగ్గుతుంది, పెట్రోలు తగ్గుతుంది, కూరగాయలు రైతుబజార్లలో కొంటే ఇంకాస్త మిగులుతుంది. స్కూలు ఫీజులు మాత్రం పెద్దగా తేడా ఉండవు. ఏసీ బిల్లు పెరుగుతుంది, ఇది ముందే లెక్కేసుకోండి.

అంత ఉక్కపోత అంటున్నారు, తట్టుకోగలమా?

ఎండ మరీ విజయవాడ అంత ఉండదు, కానీ చెమట ఆరదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా స్నానం చేసి తువ్వాలుతో తుడుచుకునేలోపే మళ్ళీ తడిసిపోతారు. హైదరాబాద్ పొడి గాలికి అలవాటుపడ్డ పిల్లలకి మొదటి వేసవిలో చెమటకాయలు మామూలే, కాటన్ బట్టలు వేయండి. సాయంత్రం సముద్రం గాలి తిరిగాక హాయిగానే ఉంటుంది. డిసెంబర్, జనవరి నెలలైతే ఇంక చెప్పక్కర్లేదు, స్వెటర్ బీరువాలోంచి తీయాలా వద్దా అన్నట్టు ఉంటుంది, ఆ రెండు నెలలు చూసి ఇల్లు కొనేసినవాళ్ళు కూడా ఉన్నారు.

తుఫాన్లంటే భయం, ప్రతి ఏడాదీ హుద్‌హుద్ లాంటివి వస్తాయా?

ప్రతి ఏడాదీ రావు. వాయుగుండాలు, తుఫాను హెచ్చరికలు అక్టోబర్, నవంబర్‌లలో మామూలే, ఎక్కువ శాతం అటో ఇటో తిరిగిపోతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మాత్రం నేరుగా ఊరి మీదే తీరం దాటింది. చెట్లు, స్తంభాలు, హోర్డింగులు అన్నీ పడిపోయాయి, కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పాల ప్యాకెట్ కోసం లైన్లు, పెట్రోల్ బంకుల దగ్గర లైన్లు, ఏటీఎంలు పనిచేయలేదు. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ కాలాన్ని హుద్‌హుద్‌కి ముందు, తర్వాత అనే లెక్కపెడతారు. దాని తర్వాత ఊళ్ళో చాలాచోట్ల కరెంటు వైర్లు భూమిలోంచి వేశారు, అది బాగా పనికొచ్చింది. మీరు చేయాల్సింది: సెప్టెంబర్ చివరికల్లా కిటికీ అద్దాలు, బాల్కనీలో రేకులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోవడం, ఇంట్లో కొంచెం క్యాష్, ఛార్జింగ్ లైటు, రెండ్రోజుల తాగునీళ్ళు పెట్టుకోవడం. కలెక్టర్ సెలవు ప్రకటిస్తే ఇంట్లో ఉండండి, అలలు చూద్దామని బీచ్‌కి వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళతో కలవకండి.

## ఇల్లు వెతికేటప్పుడు

ఏ ఏరియా అయితే మంచిది?

ముందు ఆఫీసు ఎక్కడో చెప్పండి. ఐటీ అయితే మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది, ఎండాడ. కొత్త అపార్ట్‌మెంట్లు, పిల్లలున్న కుర్ర ఫ్యామిలీలు ఎక్కువ, సాయంత్రమైతే కింద ఆడుకునే పిల్లల గోల వినిపిస్తుంది. కానీ పాత ఊళ్ళో పనుంటే ప్రతిసారీ హనుమంతవాక జంక్షన్ దాటాలి.

బ్యాంకు, గవర్నమెంటు ఆఫీసు, యూనివర్సిటీ అయితే ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ. నన్నడిగితే పిల్లలూ పెద్దవాళ్ళూ ఇద్దరూ ఉన్న ఇంటికి ఎంవీపీ కాలనీని మించింది లేదు. ముందే సెక్టార్లుగా ప్లాన్ చేసి కట్టిన కాలనీ, రైతుబజారు, గుడి, మెడికల్ షాపు, టిఫిన్ సెంటర్ అన్నీ నడిచి వెళ్ళే దూరం, బీచ్ కూడా దగ్గరే. అద్దె ఎక్కువ, బిల్డింగులు కొన్ని పాతవి, లిఫ్ట్ లేనివి కూడా ఉంటాయి.

స్టీల్ ప్లాంటు, ఫార్మా అయితే గాజువాక, కూర్మన్నపాలెం, షీలానగర్. ఉక్కునగరం టౌన్‌షిప్‌లో క్వార్టర్ దొరికితే మాత్రం ఆలోచించకండి, ఆ చెట్లూ ఆ గ్రౌండులూ బయట ఎక్కడా దొరకవు. రైల్వే వాళ్ళు దొండపర్తి, మర్రిపాలెం వైపు చూసుకుంటారు. బడ్జెట్ టైట్‌గా ఉంటే పెందుర్తి, వేపగుంట చూడండి, అక్కణ్ణించి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి (ఊళ్ళో మెయిన్ బస్టాండ్) బస్సులు బాగానే ఉంటాయి.

సముద్రం కనిపించే ఫ్లాటే కావాలని మా ఆవిడ పట్టుబట్టింది, తీసుకోమంటారా?

అద్దెకైతే సరదాగా ఒక ఏడాది తీసుకోండి, కొనేముందు మాత్రం ఆ బిల్డింగ్‌లోనే పాత ఫ్లాట్ ఒకటి చూసి రండి. ఏసీ బయట పెట్టే యూనిట్ వెనక రేకు చూడండి, వేలితో నొక్కితే పొరలు పొరలుగా ఊడొస్తుంది. కిటికీ గ్రిల్స్, గేటు గొళ్ళెం, ఫ్రిజ్ కింద కాళ్ళు, సైకిల్ చైను, గ్యాస్ స్టవ్ కాళ్ళు, ఆఖరికి బట్టలారేసే క్లిప్పుల స్ప్రింగులు కూడా తుప్పు పట్టేస్తాయి. ఉప్పు గాలికి అద్దాలు మసకబారిపోతాయి, తుడిచిన రెండో రోజుకి మళ్ళీ అంతే. సముద్రానికి కిలోమీటరు లోపలికి వస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది, నడిచి వెళ్ళి చూసొచ్చే దూరంలోనే ఉంటుంది కూడా. అయినా రోజూ చూసే సముద్రాన్ని నెల తర్వాత ఎవరూ చూడరండీ, కర్టెన్ వేసేస్తారు.

మా బాబుకి వీజింగ్ ఉంది, పొల్యూషన్ ఎలా ఉంటుంది?

ఏరియాని బట్టి చాలా తేడా. పోర్టులో బొగ్గు, ఖనిజం దిగుమతి ఎగుమతి జరుగుతుంది కాబట్టి వన్ టౌన్, కాన్వెంట్ జంక్షన్, మల్కాపురం చుట్టుపక్కల నల్లటి దుమ్ము ఇళ్ళలోకి వస్తుంది. పొద్దున్న తుడిచిన బాల్కనీలో సాయంత్రం చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్ళు నల్లగా అవుతాయి. వీజింగ్ ఉన్న పిల్లాడితో ఆ వైపు వద్దు. ఎంవీపీ నుంచి రుషికొండ, మధురవాడ దాకా చాలా నయం. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు ఓనర్ మాట కాదు, కిటికీ పైగట్టు మీద వేలు రాసి చూసుకోండి.

ఫ్యాక్టరీల దగ్గర ఇల్లు చవగ్గా వస్తోంది, సేఫేనా?

2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం పక్కన ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకయ్యి 12 మంది చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి పరిగెత్తుతూ రోడ్డు మీదే పడిపోయారు. అలాగని పారిశ్రామిక ప్రాంతం మొత్తం ప్రమాదమని కాదు, లక్షలమంది ఉంటున్నారు. కానీ ప్రహరీ గోడ అవతలే ట్యాంకులు కనిపించే ఇల్లు ఎంత చవగ్గా ఇచ్చినా పిల్లల్తో వద్దనే నా మాట.

నీళ్ళ సంగతేంటి?

ఊరికి తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, ఏలేరు కాలవ, ఇలా దూరాల నుంచి నీళ్ళొస్తాయి. పాత కాలనీల్లో జీవీఎంసీ (ఇక్కడి కార్పొరేషన్) కుళాయి రోజుకి కాసేపు వస్తుంది, సంపు ఉంటే సరిపోతుంది. మధురవాడ, కొమ్మాది వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో వేసవిలో ట్యాంకర్ల మీద ఆధారపడేవి ఉన్నాయి. అడ్వాన్స్ ఇచ్చేముందు వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి "మే నెలలో ట్యాంకర్లు ఎన్ని వచ్చాయి బాబూ" అని అడగండి, ఓనర్ చెప్పనిది ఆయన చెప్తాడు. తీరానికి దగ్గరైతే బోరు నీళ్ళు నోట్లో పోసుకుని చూడండి, ఉప్పగా ఉంటే గీజరూ వాషింగ్ మెషీనూ త్వరగా పోతాయి.

## పిల్లలు, పెద్దవాళ్ళు

ఏ స్కూల్ బెస్ట్ అండీ?

పేర్లు చెప్పను, చెప్తే పెద్ద గొడవ. చూడాల్సింది మాత్రం చెప్తా. ఒకటి బస్సు టైం, ముప్పావుగంట మించితే ఎంత పేరున్న స్కూలైనా వదిలేయండి. రెండు గ్రౌండు, చాలా స్కూళ్ళు అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లోనే నడుస్తున్నాయి, పిల్లలకి పరిగెత్తడానికి మేడ మీద రేకుల షెడ్డే దిక్కు. సెంట్రల్ గవర్నమెంట్, డిఫెన్స్ వాళ్ళకి కేంద్రీయ విద్యాలయాలు, నేవీ స్కూళ్ళు ఉన్నాయి కాబట్టి బాధ లేదు. మిగతావాళ్ళు జూన్‌లో చేరాలంటే అంతకుముందు చలికాలంలోనే ఒకసారి వచ్చి చూసుకోవడం మంచిది, తొమ్మిది, పది తరగతులైతే మధ్యలో మార్చే ఆలోచనే పెట్టుకోకండి.

మా పిల్లలకి తెలుగు సరిగ్గా రాదు, కలుస్తారా?

నేవీ, పోర్టు, రైల్వే, స్టీల్ ప్లాంటు ఉండటంతో ఇక్కడ బెంగాలీ, ఒడియా, హిందీ పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు, మీవాళ్ళు వింతగా కనపడరు. ఆర్నెల్లలో "ఏటి, ఎక్కడికెళ్తన్నావ్" అని ఉత్తరాంధ్ర యాసలో అనడం వచ్చేస్తుంది, అప్పుడు తాతగారు గుంటూరు నుంచి ఫోన్‌లో నవ్వుతారు.

బీచ్‌లో పిల్లల్ని నీళ్ళలోకి దింపొచ్చా?

ఆర్కే బీచ్‌లో వద్దు. దీని మీద ఎవరేమన్నా వినకండి. ఇక్కడ ఒడ్డు దగ్గరే లోతు ఒక్కసారిగా పడిపోతుంది, అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళకింద ఇసకని లాగేసుకుంటూ వెళ్తుంది, ఈత వచ్చినవాళ్ళు కూడా ఆ లాగుడుకి ఆగలేరు. చూడటానికి ప్రశాంతంగా ఉన్న రోజునే ఎక్కువ మోసం. ప్రతి ఏడాదీ, ముఖ్యంగా సెలవుల్లో బయటూరి నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఇక్కడ పోతూనే ఉంటారు, యారాడలో కూడా అంతే. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు చూడండి, పాదాలు తడిసేదాకా వెళ్ళి ఆగిపోతారు, చంటిపిల్లల్ని చెయ్యి కాదు మణికట్టు పట్టుకుంటారు, ఎందుకంటే తడి చెయ్యి జారిపోతుంది. నీళ్ళలో ఆడాలంటే రుషికొండ వెళ్ళండి, 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్ అది, లైఫ్‌గార్డులు ఉండే చోట, వాళ్ళు విజిల్ వేస్తే వెంటనే బయటికొచ్చేయాలి. మిగతా రోజుల్లో ఇసకలో గూళ్ళు కట్టుకోమనండి, మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) కొనిపెట్టండి, వాళ్ళకి అదే చాలు.

వీకెండ్‌లో బీచ్ కాకుండా పిల్లలకి ఇంకేం ఉన్నాయి?

బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళి చూడటం ఏ వయసు పిల్లలకైనా నచ్చుతుంది, బోలెడు ప్రశ్నలు అడుగుతారు, రోడ్డుకి అటువైపే టీయూ-142 విమానం ఉంది. జూ పెద్దది, 600 ఎకరాల పైనే, నడిచి అలిసిపోతారు, నీళ్ళు పట్టుకెళ్ళండి. సోమవారం మాత్రం వెళ్ళకండి, సబ్‌మెరైన్, జూ రెండింటికీ ఆ రోజే సెలవు. ఇంకా కైలాసగిరి కొండ మీద పార్కు, భీమిలి రోడ్డులో తొట్లకొండ బౌద్ధ క్షేత్రం, లోపలికి కంబాలకొండ అడవి ఉన్నాయి. చలికాలంలో అరకు రైలు ఒకసారి ఎక్కించాల్సిందే, యాభైకి పైగా టన్నెళ్ళు, ప్రతి టన్నెల్‌లోనూ బోగీ మొత్తం పిల్లలు అరుస్తారు. విస్టాడోమ్ (పెద్ద అద్దాల) కోచ్ టికెట్లు చాలా ముందే అయిపోతాయి.

మా అత్తమామల్ని కూడా తీసుకొస్తున్నాం, వాళ్ళకి బోరు కొట్టదా? హాస్పిటల్స్?

పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు, ఆ టైంలో నడిచేవాళ్ళలో సగంమంది రిటైరైనవాళ్ళే, వారంలోపు మీ మామగారికి గ్యాంగ్ దొరికేస్తుంది. అత్తగారికి మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి, శనివారాలు సింహాచలం అప్పన్న. హాస్పిటల్స్‌కి లోటు లేదు. కేజీహెచ్‌కి (ఇక్కడి పెద్ద గవర్నమెంటు హాస్పిటల్) ఉత్తరాంధ్ర మొత్తం, ఒడిశా నుంచి కూడా వస్తారు, డాక్టర్లు మంచివాళ్ళే గానీ జనం ఎక్కువ. హనుమంతవాక దగ్గర విమ్స్ అనే ఇంకో గవర్నమెంటు హాస్పిటల్, కళ్ళకి ఎల్‌వీ ప్రసాద్, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్. ప్రైవేటువి రాంనగర్, హెల్త్ సిటీ వైపు చాలానే ఉన్నాయి, మీ ఇన్సూరెన్స్‌కి క్యాష్‌లెస్ ఎక్కడుందో ముందే చూసుకోండి.

## వచ్చిన మొదటి ఏడాది

కారు లేకుండా గడుస్తుందా?

ఒక స్కూటీ ఉంటే చాలామందికి గడిచిపోతుంది. సిటీ బస్సులు నమ్మకమైనవే, రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళే 900కె అయితే టికెట్ డబ్బులకి టూరిస్ట్ బస్సే. 2025 ఆగస్ట్ 15 నుంచి ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఫ్రీ, కాకపోతే ఏపీ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి, కాబట్టి తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళు ఆధార్ అడ్రస్ త్వరగా మార్పించుకోండి. కారు కొంటే మొదట సంపత్ వినాయకుడి గుడికి, ఇది రూల్ కాదు, కానీ ఈ ఊళ్ళో షోరూం నుంచి బండి నేరుగా అక్కడికే వెళ్తుంది.

ట్రైన్ బుక్ చేస్తే దువ్వాడ అని చూపిస్తోంది, అదెక్కడ?

కూర్మన్నపాలెం దగ్గర, ఊరికి ఆ చివర. వైజాగ్ మెయిన్ స్టేషన్‌కి వచ్చిన రైలు ఒడిశా వైపు వెళ్ళాలంటే ఇంజను మార్చుకుని వచ్చిన దారినే వెనక్కి తిరగాలి, అందుకే కొన్ని దూరపు రైళ్ళు లోపలికి రాకుండా దువ్వాడ నుంచే పోతాయి. మధురవాడలో ఉన్నవాళ్ళు రాత్రి రెండింటికి పిల్లల్తో అక్కడ దిగితే ఆటోవాడు అడిగిందే రేటు. హైదరాబాద్ వెళ్ళడానికి రాత్రి గోదావరి, లేదంటే పగలు వందేభారత్, ఎనిమిదిన్నర గంటలు పడుతుంది.

చేపలు ఎక్కడ కొనాలి?

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్, వేలం పాట అయ్యాక చిల్లరగా అమ్మే అక్కలు ఉంటారు, వంజరం, చందువ, పండుగప్ప, ఏది కావాలన్నా అక్కడే పొలుసు తీసి ముక్కలు కొట్టిస్తారు. మొప్ప ఎత్తి చూపించమనండి, ఎర్రగా ఉంటేనే తీసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, ఆ రెండు నెలలు రేట్లు మండిపోతాయి, ఐసులో నిల్వ ఉన్నవి కూడా తాజావే అని అంటగడతారు. ఆ టైంలో మేమైతే చెరువు చేపలతో సరిపెట్టుకుంటాం.

సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు ఇల్లు కదలొద్దంటారు, ఎందుకు?

ఆషాఢ పౌర్ణమికి లక్షల మంది కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు, అడవివరం, హనుమంతవాక, బీచ్ రోడ్డు, సీతమ్మధార, ఎన్ఏడీ జంక్షన్, మొత్తం ఊరి రోడ్లే ఆ దారి. ముందురోజు మధ్యాహ్నం నుంచే బండ్లు మళ్ళిస్తారు. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాల్సినవాళ్ళు చాలా ముందు బయల్దేరాలి. లేదా మీరూ నడవండి, దారంతా ప్రతి వీధివాళ్ళు పులిహోర, మజ్జిగ ఇస్తూనే ఉంటారు.

## సొంతిల్లు కొందామనుకున్నాక

ఫ్లాట్ లేదా స్థలం కొనేముందు ఏం చూసుకోవాలి?

ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల రిజిస్ట్రేషన్) నంబర్, జీవీఎంసీ లేదా వీఎంఆర్‌డీఏ (ఇక్కడి డెవలప్‌మెంట్ అథారిటీ) ప్లాన్ అప్రూవల్, ఈసీ (ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే సర్టిఫికెట్), ఇలాంటివి ఎక్కడైనా ఉన్నవే. వైజాగ్‌కి ప్రత్యేకమైనవి మూడు. సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టు) ఉందేమో చూడండి. రెండోది, అసైన్డ్ భూములు (పేదలకి గవర్నమెంటు ఇచ్చినవి), మాజీ సైనికుల పేర ఇచ్చిన భూములు చేతులు మారి కేసుల్లో పడ్డవి బోలెడు, లింక్ డాక్యుమెంట్లు మొదటి పట్టా దాకా తీయించండి. మూడోది పంచగ్రామాలు: అడవివరం, వేపగుంట, వెంకటాపురం, చీమలాపల్లి, పురుషోత్తపురం. సింహాచలం దేవస్థానం భూమి వివాదం అక్కడ దశాబ్దాలుగా నడుస్తోంది, జనం ఇళ్ళు కట్టుకుని తరాలుగా ఉంటున్నా రిజిస్ట్రేషన్‌కీ లోన్‌కీ తిప్పలు పడుతున్నారు. "త్వరలో క్లియర్ అయిపోతుంది సార్" అని తక్కువ రేటుకి చూపిస్తే, క్లియర్ అయ్యాకే ఫోన్ చేయమనండి.

కొండ తవ్వి చదును చేసిన లేఔట్ అయితే వానాకాలంలో ఒకసారి వెళ్ళి నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడండి. కొత్తవాళ్ళు అందరూ జనవరిలో చూస్తారు.

భోగాపురం ఎయిర్‌పోర్ట్ దగ్గర ప్లాటు కొంటే పిల్లల చదువులకి పనికొస్తుందా?

పెట్టుబడి సంగతి మీ ఇష్టం. కానీ ఉండటానికని మాత్రం అనుకోకండి, అది విజయనగరం జిల్లా, ఊరి నుంచి నలభై కిలోమీటర్ల పైన. ఎయిర్‌పోర్ట్‌కి రెండు కిలోమీటర్లు అని బ్రోచర్‌లో గీసిన గీత గాల్లో కొలిచింది, బండి మీద వెళ్ళి మీటర్ చూసుకోండి.

మెట్రో వస్తుందని ఆ రూట్‌లో కొనమంటున్నారు?

ఏళ్ళ తరబడి వింటున్నాం, ప్లాన్లు మారుతున్నాయి, రేట్లు మాత్రం ప్రతిసారీ పెరుగుతున్నాయి. ఈరోజు ఆ ఇంటి ముందు ఏ బస్సు ఆగుతుందో, పిల్లల స్కూలు ఎంత దూరమో చూసి దానికే డబ్బులివ్వండి, రాబోయే స్టేషన్‌కి అదనంగా ఒక్క రూపాయి కూడా కలపకండి.